విశాఖ నుంచి భీమిలి దాకా సముద్రం ఒడ్డున ఒంటరి నడక: తరచుగా అడిగే ప్రశ్నలు

సంక్రాంతి వెళ్ళిన తర్వాతి శని, ఆదివారాల్లో విశాఖపట్నం ఆర్కే బీచ్ నుంచి భీమునిపట్నం దాకా తీరం వెంట నడిచాను, ఒక్కదాన్నే. తిరిగొచ్చాక ఆఫీసులోనూ చుట్టాల ఇళ్ళలోనూ అందరూ దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. కొందరు భయంతో అడిగితే, ఇంకొందరు తామూ వెళ్ళాలన్న ఆశతో అడిగారు. ఆ రెండో రకం వాళ్ళ కోసం ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

అసలు ప్లాన్ ఏమిటి? ఎందుకు మారింది?

ముగ్గురం కలిసి అరకు వెళ్ళాలి. శుక్రవారం సాయంత్రం హైదరాబాద్‌లో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, పొద్దున్న విశాఖలో కిరండూల్ రైలు అందుకుని బొర్రా గుహలు చూసుకుంటూ అరకు చేరాలన్నది ఆలోచన. శుక్రవారం మధ్యాహ్నం ఒక స్నేహితురాలి బాబుకి జ్వరం వచ్చింది. ఇంకొకామెకు సెలవు ఇచ్చినట్టే ఇచ్చి చివర్లో కుదరదన్నారు. అరకులో గది ఆమె పేరు మీదే ఉంది. నా చేతిలో విశాఖ వరకు టికెట్, సర్దిన బ్యాగు మిగిలాయి.

టికెట్ రద్దు చేసుకుని ఇంట్లో ఉండొచ్చు కదా?

ఉండొచ్చు. అమ్మ కూడా అదే అంది. అయితే ఆ రెండు రోజుల కోసం నేను నవంబరు నుంచి ఎదురు చూస్తున్నాను. రైలుకి ఇంకా మూడు గంటల టైముంది. ఆ మూడు గంటలూ కూర్చుని కొత్త ప్లాన్ కాగితం మీద రాశాను: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆగాలి, ఎక్కడెక్కడ రోడ్డు ఎక్కొచ్చు, ఎన్ని గంటలకు ఎవరికి ఫోన్ చెయ్యాలి. ఆ కాగితం ఫొటో తీసి అక్కకు పంపాను. తను చదివి "సరే, వెళ్ళు" అన్నాకే స్టేషన్‌కి బయలుదేరాను. కాగితం మీద రాయలేకపోయి ఉంటే వెళ్ళేదాన్ని కాదు. మారిన ప్లాన్‌తో హడావుడిగా బయలుదేరేవాళ్ళను చూస్తే నాకు నిజంగా టెన్షన్‌గా ఉంటుంది. పాత ప్లాన్ కోసం సర్దిన బ్యాగు కొత్త చోటికి సరిపోదు. నా బ్యాగులో అరకు చలి కోసం రెండు స్వెటర్లున్నాయి, టోపీ మాత్రం లేదు. స్వెటర్లు తీసేసి టోపీ, పెద్ద నీళ్ళ సీసా, పలచటి కాటన్ తువ్వాలు పెట్టుకున్నాను.

అరకుకే ఒంటరిగా వెళ్ళొచ్చు కదా? తీరమే ఎందుకు?

కొండదారుల్లో ఒంటరిగా తిరగాలంటే దారి బాగా తెలిసి ఉండాలి. తీరం వెంట దారి తప్పే అవకాశం తక్కువ. భీమిలి వైపు నడుస్తుంటే సముద్రం ఎప్పుడూ కుడిచేతి వైపే. ఎడమ పక్కన కాస్త దూరంలో బీచ్ రోడ్డు, దాని మీద భీమిలి బస్సులు. ఓపిక అయిపోతే రోడ్డెక్కి చెయ్యెత్తితే చాలు. మొదటిసారి ఒంటరిగా నడిచేవాళ్ళకు, ఎక్కడ కావాలంటే అక్కడ ఆపేయగలిగే దారి కావాలి. మన దగ్గర ఇంతకంటే మంచిది నాకు తోచలేదు.

మొత్తం ఇసుక మీదే నడిచి వెళ్ళొచ్చా?

వెళ్ళలేరు. మ్యాపులో ఒడ్డంతా ఒకే గీతలా కనిపిస్తుంది కాబట్టి చాలామంది వెళ్ళొచ్చనే అనుకుంటారు. తూర్పు కనుమల కొండలు విశాఖ దగ్గర సముద్రం దాకా వస్తాయి. కైలాసగిరి కింద, తెన్నేటి పార్కు దగ్గర, జోడుగుళ్ళపాలెం వైపు ఒడ్డున ఇసుక బదులు రాళ్ళు ఎదురవుతాయి. అలలు తగ్గి ఉన్నప్పుడు ఆ రాళ్ళ మధ్య దారి ఉన్నట్టే కనబడుతుంది. నమ్మకండి. 2020 అక్టోబరులో ఒక బంగ్లాదేశ్ ఓడ గాలికి లంగరు నిలవక కొట్టుకొచ్చి ఇరుక్కున్నది ఈ తెన్నేటి పార్కు రాళ్ళలోనే. అంత పెద్ద ఓడ గతే అలా అయితే మనమెంత? నేను అక్కడ మెట్లెక్కి రోడ్డు మీదికి వచ్చేశాను.

ఋషికొండ దగ్గర కొండ చుట్టూ తిరగడానికి మళ్ళీ రోడ్డే గతి. మంగమారిపేట దాటాక నౌకాదళానికి చెందిన ఐఎన్‌ఎస్ కళింగ వస్తుంది. అది రక్షణ స్థావరం. దాని ముందున్న ఒడ్డు జోలికి పోకూడదు, ఫొటోలు తియ్యకూడదు. అక్కడ ఫోన్ బ్యాగులో పెట్టేసి రోడ్డు వెంట నడిచాను. ఇవన్నీ తీసేస్తే, మొత్తం దారిలో మూడింట రెండొంతులు ఇసుక మీద నడిచినట్టు లెక్క. మిగతాది రోడ్డే.

ఎంత దూరం? ఎంత సమయం పట్టింది?

శనివారం పొద్దున్న ఆరు ముప్పావుకు ఆర్కే బీచ్‌లో, కురుసుర జలాంతర్గామి మ్యూజియం దగ్గర మొదలుపెట్టాను. పదకొండున్నరకు ఋషికొండ. సుమారు పదకొండు కిలోమీటర్లు. రెండింటి దాకా తిని, నీడలో పడుకుని, మళ్ళీ బయలుదేరి నాలుగింటికి తొట్లకొండ కిందికి చేరాను. కొండెక్కి చూసి, దిగి, బస్సులో ఋషికొండకు వెనక్కి వచ్చి గదిలో నిద్రపోయాను. ఆదివారం పొద్దున్నే బస్సులో మంగమారిపేటకు వెళ్ళి, ఆపిన చోటి నుంచి మళ్ళీ నడక. పన్నెండున్నరకు భీమిలి. రెండో రోజు పదకొండు, పన్నెండు కిలోమీటర్లు ఉంటుంది.

రోడ్డు మీద గంటకు ఐదు కిలోమీటర్లు నడిచేవాళ్ళు కూడా ఇసుకలో మూడు నడిస్తే ఎక్కువ. అలల నురగ వచ్చి వెనక్కి పోయే చోట తడి ఇసుక గట్టిగా ఉంటుంది, అక్కడ నడవండి. పైన పొడి ఇసుకలో ప్రతి అడుగూ కూరుకుపోతుంది. తడి ఇసుకతోనూ ఒక చిక్కుంది: ఒడ్డు సముద్రం వైపు వాలి ఉంటుంది. నడిచినంతసేపూ కుడికాలు పల్లంలో, ఎడమకాలు మెరకలో పడుతుంటాయి. సాయంత్రానికి నా కుడి చీలమండ సలపడం మొదలైంది. అరగంటకొకసారి పైకి, చదునుగా ఉన్న చోటికి వచ్చి కాసేపు నడిస్తే ఈ బాధ ఉండదని రెండో రోజు తెలుసుకున్నాను.

ఆటుపోట్లు ఎలా తెలుసుకోవాలి?

మొత్తం నడకలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే, అడిగేవాళ్ళు మాత్రం తక్కువ.

మన తీరంలో రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య ఆరు గంటల చిల్లర. ప్రతిరోజూ ముందురోజు కంటే సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాయి. అమావాస్యకు, పౌర్ణమికి పోటు బాగా ఎక్కుతుంది, ఆటు బాగా దిగుతుంది. విశాఖ దగ్గర ఆ రోజుల్లో తేడా మీటరున్నర దాకా ఉండొచ్చు. మీటరున్నరే కదా అనిపిస్తుంది. కానీ ఒడ్డు చదునుగా ఉన్న చోట ఆ మీటరున్నర వల్ల నీళ్ళు ఎన్నో గజాలు ముందుకొస్తాయి. పొద్దున నడిచిన దారి మధ్యాహ్నం ఉండదు.

నేను వెళ్ళింది అమావాస్య దగ్గరలో. అది సరైన ఎంపిక కాదు, టికెట్ ఉన్న రోజు అది కాబట్టి కుదిరింది అంతే. తేదీ మీ చేతిలో ఉంటే సప్తమి, అష్టమి రోజులు చూసుకోండి. అప్పుడు పోటు ఉధృతి తక్కువ.

సమయాల కోసం ఏదైనా టైడ్ యాప్‌లో విశాఖపట్నం పేరు పెట్టి చూడొచ్చు. అలల ఎత్తు, హెచ్చరికల కోసం ఇన్‌కాయిస్ చూడాలి. సముద్రానికి ఎంతో దూరంలో, మన హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఉన్న కేంద్ర సంస్థ అది. దేశంలోని మత్స్యకారులందరికీ సముద్రం తీరు చెప్పేది, 2007 నుంచి సునామీ హెచ్చరికలు ఇస్తున్నది అదే. అలల హెచ్చరిక ఉన్న రోజున ఒడ్డు నడక మానేయాలి. రోడ్డు వెంట నడుద్దామన్న బేరం కూడా వద్దు.

అన్నిటికన్నా మంచి మార్గం, ఒడ్డున వల బాగుచేసుకుంటున్నవాళ్ళను అడగడం. "అన్నా, నీళ్ళు ఎక్కుతున్నాయా, దిగుతున్నాయా?" అంటే తలెత్తి ఒక్క చూపు చూసి చెప్పేస్తారు.

దారిలో వాగులు ఉంటాయా? ఎలా దాటాలి?

ఉంటాయి. ఉత్తరాంధ్రలో వాటిని గెడ్డలంటారు. జనవరిలో చాలా గెడ్డలు సముద్రం దాకా రాకుండానే ఇసుకలో ఇంకిపోతాయి, లేదా పాదం తడిసేంతే పారతాయి. కొన్నింటికి మాత్రం పోటు సమయంలో సముద్రం నీళ్ళు ఎదురొస్తాయి.

నేను చేసిన తప్పు ఇక్కడే. శనివారం ఒక గెడ్డ దగ్గర నీళ్ళు మోకాలి లోతే ఉన్నాయని దిగాను. రెండడుగులు వేసేసరికి కాళ్ళ కింద ఇసుక జారిపోతోంది. అవతలి గట్టున నెత్తళ్ళు ఆరబోస్తున్న ఒకావిడ కేక వేసింది. "ఒక్కర్తివే వచ్చేసినావేటమ్మా? పోటు మీదున్నాది, రాకు! ఎనక్కెళ్ళి రోడ్డెక్కి రా!" వెనక్కి తిరిగి, రోడ్డు మీది కల్వర్టు దాటి, చుట్టూ తిరిగి ఆవిడ దగ్గరికి వెళ్ళాను. పావుగంట పట్టింది. తాగడానికి నీళ్ళిచ్చి, కూర్చోమని చాప వేసింది. మా అమ్మ వయసు ఉంటుంది. ఆ కేక వెయ్యకపోతే ఏమయ్యేదో ఇప్పటికీ ఆలోచిస్తూ ఉంటాను.

గెడ్డ చిన్నదైనా సముద్రంలో కలిసే చోట దాటకండి. నీళ్ళు చీలమండ దాటితే రోడ్డెక్కండి.

ఒంటరి ఆడవాళ్ళకు భద్రమేనా?

పగటిపూట నాకు ఎక్కడా ఇబ్బంది రాలేదు. ఆర్కే బీచ్‌లో తెల్లవారుజామునే నడిచేవాళ్ళు, పరిగెత్తేవాళ్ళు వందలమంది ఉంటారు. జాలరి ఊళ్ళ ముందు ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు ఎవరో ఒకరు కనబడుతూనే ఉంటారు. నాకు ఇబ్బందిగా అనిపించినవి సరుగుడు తోటల పక్కనున్న ఖాళీ ఒడ్డులు. అక్కడ మైలు దూరంలో మనిషి ఉండడు. అలాంటి చోట తోటలోకి పోకుండా నీళ్ళ అంచునే నడిచాను, రెండు వైపులా దూరం దాకా కనబడుతుంది కాబట్టి.

నేను పాటించినవి ఇవి. వెలుతురు ఉన్నంతవరకే నడక. జనవరిలో సూర్యుడు ఐదు ముప్పావుకే అస్తమిస్తాడు, అదీ కొండల వెనక. ఐదింటికే ఒడ్డు మీద నీడ పడిపోతుంది. ఫోన్‌లో లొకేషన్ రెండు రోజులూ అక్కకు కనబడేలా పెట్టాను, రెండు గంటలకొకసారి ఫోన్ చేశాను. 112తో పాటు తీర రక్షక దళం నంబరు 1554 కూడా ఫోన్‌లో పెట్టుకున్నాను. "ఒక్కరే వచ్చారా?" అని మగవాళ్ళు అడిగితే "మావాళ్ళు ముందు ఉన్నారు" అన్నాను. ఆడవాళ్ళు అడిగితే నిజం చెప్పాను. దారిలో అందరికంటే ఎక్కువ భయపెట్టింది కుక్కలే. గుంపులుగా ఉంటాయి. చేతిలో ఒక కర్ర ఉంటే చాలు, ఎత్తాల్సిన పని కూడా రాదు.

గది దొరకడం కష్టమా?

ఇది బాధపెట్టిన విషయం. రైల్లోంచే ఫోన్ చేసి మాట్లాడుకున్న ఒక లాడ్జికి వెళ్తే, "సింగిల్ లేడీస్‌కి ఇవ్వం మేడం" అన్నారు. ఆధార్ ఉంది, డబ్బులున్నాయి, అయినా ఇవ్వలేదు. అలాంటి చట్టమేదీ లేదని చెప్పినా వినలేదు. ఎండలో పదకొండు కిలోమీటర్లు నడిచి వచ్చి రిసెప్షన్‌లో నిలబడి అలా వినాల్సి రావడం చాలా అవమానంగా అనిపించింది. పక్క వీధిలో ఇంకోచోట మర్యాదగా ఇచ్చారు. ఫోన్ చేసినప్పుడే "నేను ఒక్కదాన్నే, ఆడమనిషిని, గది ఇస్తారా?" అని సూటిగా అడిగి, మెసేజ్‌లో రాయించుకోండి.

బీచ్ మీద టెంట్ వేసుకోవచ్చా అని కొందరు అబ్బాయిలు అడిగారు. వద్దు. పోటు ఒక కారణం, తాబేళ్ళు ఇంకో కారణం. ఆ సంగతి కింద రాశాను.

టాయిలెట్ సంగతి?

ఆర్కే బీచ్‌లోనూ ఋషికొండలోనూ డబ్బులిచ్చి వాడుకునేవి ఉన్నాయి. మధ్యలో రోడ్డు పక్క హోటళ్ళలో కాఫీ తాగి అడిగితే కాదనరు. ఇది ఇబ్బందిగా అనిపించి నీళ్ళు తాగడం మానేస్తే ఎండదెబ్బ తగులుతుంది. నీళ్ళు మాత్రం తగ్గించకండి.

ఏం తిన్నారు? ఎన్ని నీళ్ళు పట్టుకెళ్ళారు?

రెండు లీటర్లు మోసుకెళ్ళి, ఋషికొండలో మళ్ళీ నింపుకున్నాను. దారిలో కొబ్బరి బోండాలు, మధ్యాహ్నం చేపల కూర భోజనం, మంగమారిపేట దగ్గర కాల్చిన తేగలు. రెండు ఓఆర్‌ఎస్ పొట్లాలు వాడాను. సముద్రపు గాలికి చెమట తెలియదు, అందుకే దాహం కూడా ఆలస్యంగా తెలుస్తుంది. ఉదయమంతా ఎండ కుడివైపు నుంచే కొడుతుంది. నా కుడి చెంప, కుడి చెయ్యి మాత్రమే కమిలిపోయాయి.

బూట్లా, చెప్పులా?

వెనక పట్టీ ఉన్న చెప్పులు. బూట్లలో ఇసుక చేరి బొబ్బలొస్తాయి. ఒట్టికాళ్ళతో నడవొద్దు. గాజు పెంకులు, చేపముళ్ళు, తెగిన వలల్లోని గాలాలు చాలా ఉంటాయి.

తొట్లకొండ ఎక్కాల్సిందేనా?

కాళ్ళలో ఓపిక ఉంటే తప్పకుండా. సముద్రమట్టానికి 128 మీటర్ల ఎత్తు. పైకి రోడ్డుంది. నౌకాదళం వారు విమానంలోంచి సర్వే చేస్తున్నప్పుడు ఇక్కడి బౌద్ధ ఆరామ శిథిలాలు బయటపడ్డాయి. 1988 నుంచి 1993 వరకు రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. స్తూపం, చైత్యాలు (ప్రార్థన మందిరాలు), భిక్షువుల గదుల వరసలు, భోజనశాల కనిపిస్తాయి. బండలో తొలిచిన నీటి తొట్ల వల్లే ఆ పేరు వచ్చింది. శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలూ ఇక్కడ దొరికాయి. రెండు వేల ఏళ్ళ కిందట భిక్షువులు ఈ కొండ మీద కూర్చుని, కింద ఓడలు రావడం చూసి ఉంటారు. నేను పైన అరగంట కూర్చున్నాను. కింద నేను నడిచి వచ్చిన ఒడ్డంతా, కైలాసగిరి దాకా, ఒక్క చూపులో కనిపించింది. పొద్దుటి నుంచి మొదటిసారి స్నేహితులు గుర్తొచ్చారు. ఇది వాళ్ళు చూడాల్సింది అనిపించింది.

ఈ వరసలోదే బావికొండ, భీమిలి దగ్గరిది పావురాలకొండ. అన్నీ ఒకే వారాంతంలో ఇరికించుకోకండి.

ఎర్రమట్టి దిబ్బల ప్రత్యేకత ఏమిటి? లోపలికి వెళ్ళొచ్చా?

రెండో రోజు ఐఎన్‌ఎస్ కళింగ దాటాక వస్తాయి. పేరులో మట్టి ఉన్నా అది ఇసుకే. వేల ఏళ్ళ కిందట, మంచుయుగంలో సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడిన ఇసుకను గాలి ఎగరేసుకొచ్చి ఇక్కడ పోసింది. అందులోని ఇనుము తుప్పుపట్టి రేణువులకు ఎర్రరంగు పూసింది. వానలు దాన్ని కోసి సందులు, గోడలు చేశాయి. విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1886లోనే వీటి గురించి రాశాడు. దక్షిణాసియాలో ఇలాంటివి తమిళనాడులో, శ్రీలంకలో తప్ప ఇంకెక్కడా లేవంటారు. 2014లో జాతీయ భూ వారసత్వ ప్రదేశంగా గుర్తింపు వచ్చింది. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోనూ చేరింది.

వెళ్ళొచ్చు. కానీ కింద సందుల్లో మాత్రమే నడవండి. గోడల మీదికి ఎక్కకండి. చేత్తో రుద్దితే రాలిపోయే ఇసుక అది. రీల్స్ కోసం పైకెక్కి జారుతున్న పిల్లలను చూసి మనసు చివుక్కుమంది. ఒక్కరు జారితే రాలిన ఇసుక మళ్ళీ పైకి వెళ్ళదు. ఇప్పటికే చుట్టూ కట్టడాలు, తవ్వకాలు దిబ్బలను చాలావరకు తినేశాయి.

అక్కడి నుంచి భీమిలి వైపు ఒడ్డున ఇసుకను కాస్త గమనించండి. మధ్య మధ్య నల్లటి చారలు, వంకాయరంగు చారలు ఉంటాయి. నల్లవి ఇల్మనైట్, వంకాయరంగువి గార్నెట్ అనే ఖనిజాలు. ఆ గార్నెట్ మన తూర్పు కనుమల ఖొండలైట్ రాయిలోంచి వచ్చిందే. దోసిట్లోకి తీసుకుని ఎండలో చూస్తే మెరుస్తుంది. చూసి అక్కడే వదిలేశాను.

తాబేళ్ళు కనిపించాయా?

బతికున్నవి కనిపించలేదు. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు జనవరి నుంచి ఏప్రిల్ దాకా రాత్రిళ్ళు ఒడ్డెక్కి గుడ్లు పెడతాయి. అటవీశాఖ వాళ్ళు ఆ గుడ్లను సేకరించి, కంచె వేసిన చోట పాతి, పిల్లలు బయటికొచ్చాక సముద్రంలో వదులుతారు. నాకు కనిపించినవి చనిపోయిన రెండు పెద్ద తాబేళ్ళు. వలల్లో చిక్కుకుంటే పైకొచ్చి ఊపిరి తీసుకోలేక అలా చనిపోతుంటాయి. ఈ నెలల్లో రాత్రి ఒడ్డున టార్చిలైట్లు, మంటలు, టెంట్లు ఉంటే తల్లి తాబేలు గుడ్లు పెట్టకుండానే వెనుతిరుగుతుంది.

స్నానానికి దిగొచ్చా?

ఒంటరిగా ఉన్నప్పుడు అస్సలు వద్దు. ఆర్కే బీచ్‌లో ప్రాణాలు పోయిన వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. పైకి ప్రశాంతంగా కనిపించే చోటే సముద్రంలోకి లాగే ప్రవాహం ఉండొచ్చు.

ఏ నెలల్లో వెళ్ళాలి?

డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. హుద్‌హుద్ విశాఖను తాకింది 2014 అక్టోబరు 12న. మార్చి దాటితే ఎండకు ఇసుక మీద నిలబడలేరు.

ఎంత ఖర్చయింది?

రైలు టికెట్లు కాకుండా రెండు వేల ఐదొందల లోపే. అందులో సగం పైగా గదికే.

భీమిలిలో ఏం చూశారు? తిరిగి ఎలా వచ్చారు?

డచ్చివాళ్ళ సమాధులు చూశాను. పదిహేడో శతాబ్దంలో బట్టల వ్యాపారానికి వచ్చి ఇక్కడే కన్నుమూసినవాళ్ళు. తర్వాత లైట్‌హౌస్ పక్క నుంచి గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటికి నడిచాను.

నా నడక ముగిసింది అక్కడే. ఈ గోస్తనీ అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా పారి వస్తుంది. మేం ముగ్గురం శనివారం చూడాలనుకున్న నీళ్ళవి. నది సముద్రాన్ని తాకే చోట ఇసుక మేట మీద కూర్చుని స్నేహితురాళ్ళిద్దరికీ వీడియో కాల్ చేశాను. బాబుకి జ్వరం తగ్గిందట. ఫోన్ నది వైపు తిప్పి చూపించాను. వాడు "పిన్నీ, పడవ! పడవ!" అని అరిచాడు. రెండింటికి రైల్వేస్టేషన్ వెళ్ళే 900కె బస్సు ఎక్కాను. కిటికీలోంచి రెండు రోజులు నడిచిన ఒడ్డంతా వెనక్కి పరిగెత్తింది. సాయంత్రం రైలు అందుకోవడానికి ఇంకా చాలా టైముంది.